మొసలి దవడలో కన్నం: జబ్బు ఆనవాలా, మామూలు ఎముకేనా? ఎలా తేల్చుకోవాలి?

సాగర_జువాలజీ:

అందరికీ నమస్తే అండి. నాది వైజాగే, ఎమ్మెస్సీ జువాలజీ ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టుకి సరీసృపాల పుర్రెల్లో ఎముక జబ్బులు అనే టాపిక్ తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానంటే మా డిపార్ట్‌మెంట్ మ్యూజియంలో ఒక చెక్క బీరువా ఉంది, దాన్ని తెరిచి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలీదు, మొన్న స్టాక్ వెరిఫికేషన్ అని తీసేసరికి నాఫ్తలీన్ వాసన మధ్యలో ఒక మగ్గర్ మొసలి పుర్రె, ఒక ఉడుము పుర్రె, ఒక ఆలివ్ రిడ్లే తాబేలు పుర్రె కనిపించాయి. రిజిస్టర్లో "మొసలి తల - 1" అని రాసుంది అంతే, ఎక్కడిదో ఏ సంవత్సరంలో వచ్చిందో లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మొసలి కింద దవడ ఎడమ పక్క, ముందు నుంచి లెక్కపెడితే 8, 9, 10 పళ్ళు ఉండాల్సిన చోట ఎముక బయటికి ఉబ్బి ఉంది. కాలిపర్స్ పెట్టి కొలిచాను, అక్కడ మందం 31 మిల్లీమీటర్లు, కుడి పక్క సరిగ్గా అదే చోట 24. ఆ ఉబ్బు మీద బయటివైపు శనగ గింజంత కన్నం, అంచులు నున్నగా ఉన్నాయి. ఆ మూడు పళ్ళ గుంటలూ పూడుకుపోయినట్టు లోతు లేకుండా ఉన్నాయి. పోనీ ఇదొక్కటే అనుకుంటే, పై దవడ కొసన ముక్కు కన్నానికి ముందు అటొకటి ఇటొకటి చిల్లులు, పుర్రె పైనంతా స్ఫోటకం మచ్చల్లా గుంటలు, కింద దవడ వెనక భాగంలో రెండు పక్కలా కోడిగుడ్డు ఆకారంలో పెద్ద ఖాళీ. తాబేలు దవడ అంచులు కూడా గరుగ్గా, సూదితో పొడిచినట్టు సన్న చిల్లులతో ఉన్నాయి. రాత్రి నోట్సు తీస్తే ప్రతి చిల్లూ జబ్బులాగే కనిపిస్తోంది, నిజంగా నిద్ర పట్టట్లేదు.

పుర్రె కొయ్యడానికి వీల్లేదు, కొయ్యను కూడా. మైక్రో సీటీ, అంటే లోపలి సన్న వివరాలు కూడా చూపించే స్కాన్, మా దగ్గర లేదు. లోపల ఎలా ఉందో చూడటానికి దారేంటి, రికార్డులో ఏమని రాయాలి, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

పశువైద్యం_గాజువాక:

అమ్మా, ముందు నువ్వు చెప్పిన లిస్టులోంచి జబ్బు కానివి తీసేద్దాం, సగం బరువు దిగుతుంది. పుర్రె పైన గుంటలు మొసలికి మామూలే, ఆ జాతి ఎముక మీద చెక్కినట్టు అలాగే ఉంటుంది, గుంటలు లేకుండా నున్నగా ఉంటేనే అనుమానించాలి. కింద దవడ వెనక ఖాళీ కూడా పుట్టుకతో వచ్చేదే, ప్రతి మొసలికీ రెండు పక్కలా ఉంటుంది. ఇక ముక్కు ముందు చిల్లులు అన్నావు కదా, కింద దవడని పై దవడకి అమర్చి నోరు మూసి చూడు. కింద మొదటి పళ్ళు రెండూ సరిగ్గా ఆ చిల్లుల్లోకి వెళ్తాయి. పై దవడలో ఆ పళ్ళు దిగడానికి గుంటలుంటాయి, వయసు ముదిరేకొద్దీ కొన్నింట్లో పళ్ళు ఆ ఎముకని పూర్తిగా తొలుచుకుని పైకి వచ్చేస్తాయి. నేను చదువుకునే రోజుల్లో మొదటిసారి చూసి బుల్లెట్ దెబ్బ అనుకున్నాను.

తాబేలు సంగతి కూడా అంతే. దానికి పళ్ళుండవు, దవడ మీద గోరులాంటి ముక్కు తొడుగు ఉంటుంది, ఆ తొడుక్కి రక్తం అందించే సన్న నాళాలు ఎముకలోంచి బయటికి రావాలి కాబట్టి కింద ఎముక గరుగ్గా చిల్లులు చిల్లులుగా ఉంటుంది. తొడుగు ఊడిపోయాక మనకి జబ్బులా కనిపిస్తుంది.

ఇవన్నీ పోగా నీ దగ్గర మిగిలింది ఎడమ దవడ ఉబ్బు. అది ఒక పక్కనే ఉంది, కుడి పక్క లేదు, కొలిచావు కూడా, చాలా మంచి పని చేశావు. నేను ఏ ఎముక చేతిలోకి వచ్చినా ముందు చూసేది ఇదే. రెండు పక్కలా ఒకేలా ఉంటే అయితే అది మామూలు నిర్మాణం, లేదంటే ఒళ్ళంతా పాకిన జబ్బు. ఒక పక్కనే ఒకచోట ఉంటే ఇన్ఫెక్షనో, దెబ్బో, గడ్డో (ట్యూమర్).

ఒళ్ళంతా పాకే జబ్బు అంటే నేను క్లినిక్‌లో ఎక్కువ చూసేది కాల్షియం లోపం వల్ల వచ్చేదే, మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటాం. మన ఊళ్ళో ఫ్లాట్లలో గాజు తొట్టెల్లో చెవి దగ్గర ఎర్ర చారలుండే తాబేలు పిల్లల్ని పెంచుతారు కదా, వాటికి వస్తుంది. బయట అంత ఎండ కాస్తుంటే దీనికి లోపమేంటి అని అడుగుతారు పాపం, వాళ్ళ తప్పు కూడా కాదు, ఎవరూ చెప్పలేదు. కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాల్లో విటమిన్ డి3 తయారుచేసే బీ రకాన్ని ఆపేస్తుంది, ఎండ పడుతున్నట్టే ఉంటుంది కానీ ఒంటికి డి3 దొరకదు. దానికి తోడు ఎముకల్లేని చికెన్ ముక్కలు పెడతారు, మాంసంలో కాల్షియం కంటే ఫాస్ఫరస్ పది రెట్లకి పైనే ఉంటుంది, ఉండాల్సిందేమో కాల్షియం రెండు పాళ్ళు ఫాస్ఫరస్ ఒక పాలు. రక్తంలో కాల్షియం తగ్గగానే పారాథైరాయిడ్ గ్రంథి రెచ్చిపోయి ఎముకల్లోంచి లాగడం మొదలుపెడుతుంది, ఖాళీ అయిన చోట ఒళ్ళు నారలాంటి కణజాలంతో నింపుకుంటుంది, అందుకే దవడ ఉబ్బినట్టుంటుంది కానీ వేలితో నొక్కితే రబ్బరులా వంగుతుంది. ఇగ్వానాల్లో, అంటే పెంచుకునే పెద్ద విదేశీ బల్లుల్లో, ఇది మరీ ఎక్కువ.

నీకు పనికొచ్చే మాట ఏంటంటే, పుర్రె శుభ్రం చేసేటప్పుడు ఆ నార అంతా కుళ్ళి పోతుంది. బతికున్నప్పుడు లావుగా కనపడిన దవడ ఎండాక పలచగా, తేలిగ్గా, తేనెపట్టులా మిగులుతుంది, చాలాసార్లు విడిపోతుంది కూడా. నీ మొసలి దవడ ఎండాక కూడా గట్టిగా ఉబ్బే ఉందంటే అది ఈ లోపం కాదు. అక్కడ కొత్త ఎముక పెరిగింది, అంటే ఒళ్ళు దేనితోనో పోరాడింది.

ఎంవీపీ_డెంటల్:

నేను మనుషుల పళ్ళ డాక్టర్ని, మొసళ్ళ గురించి పెద్దగా తెలీదు, కానీ దవడ ఎముక ఎక్స్‌రే అయితే రోజూ చూసేదే కాబట్టి రాస్తున్నా. అమ్మాయ్, లోపల చూడటానికి నీకు మైక్రో సీటీ అక్కర్లేదు. డెంటల్ క్లినిక్‌లో ఉండే చిన్న డిజిటల్ సెన్సార్ చాలు. సెన్సార్ మహా అయితే నాలుగు సెంటీమీటర్లు ఉంటుంది, దవడ మొత్తం పట్టదు, ముక్కలు ముక్కలుగా తీసి పక్కపక్కన పేర్చుకోవాలి. ఎండిన ఎముక చుట్టూ కండ ఉండదు కాబట్టి మనిషికి వాడే ఎక్స్‌పోజర్ వాడితే ఫిల్మ్ అంతా నల్లగా కాలిపోతుంది, బాగా తగ్గించమని చెప్పు. కోన్ బీమ్ సీటీ (దవడని త్రీడీలో చూపించే స్కాన్) ఉన్న సెంటర్ అయితే ఇంకా మంచిది, 0.2 మిల్లీమీటర్ల దాకా వివరం వస్తుంది, నీ మొసలికి ఎక్కువే. ఉడుముకి కూడా పర్లేదు. తొండ, బల్లి సైజు అయితే మాత్రం కష్టం.

ఎడమ పక్క తీశాక కుడి పక్క కూడా అదే కోణంలో తియ్యి, అది మర్చిపోకు. ఒక్క పక్క ఎక్స్‌రే చూసి ఎవరైనా ఏదైనా చెప్పొచ్చు. లోపల నల్లటి ఖాళీ కనిపిస్తే దాని చుట్టూ అంచు చూడు. అంచు చుట్టూ తెల్లటి గట్టి గీత ఉంటే అది చాలాకాలంగా నెమ్మదిగా ఉన్న వ్యవహారం, ఎముక దాని చుట్టూ గోడ కట్టుకుంది. చెదలు తిన్నట్టు అంచు ఎక్కడుందో తెలియకుండా ఉంటే అది తొందరగా పాకిన జబ్బు, గడ్డ కూడా అయ్యుండొచ్చు.

మధ్యాహ్నం పూట పేషెంట్లు తక్కువుంటారు, ఎవరినైనా మర్యాదగా అడిగితే కాదనరు. మా దగ్గరికి తెచ్చినా నాకు సంతోషమే.

జాలరిపేట_కుర్రాడు:

అక్కా ఒక మాట, ఆ పుర్రెలు కాలేజీ గేటు దాటించే ముందు ఫారెస్టోళ్ళని అడగండి. మగ్గర్, ఉడుము, ఆలివ్ రిడ్లే మూడూ 1972 వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1లో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల లిస్టులో ఉన్నాయి, ఎముక అయినా సరే కాగితం లేకుండా ఆటోలో పట్టుకెళ్తే మీకే ఇబ్బంది. మీ హెచ్‌ఓడీ గారి చేత లెటర్ పెట్టించండి, చదువు పని అని రాస్తే వాళ్ళు సాయమే చేస్తారు. నేను శీతాకాలంలో జోడుగుళ్ళపాలెం వైపు గుడ్ల కాపలాకి ఎళ్తుంటాను కాబట్టి ఈ సంగతి తెలుసు.

ఇంకోటేంటంటే జనవరి నించి మార్చి దాకా మన తీరానికి సచ్చిపోయిన తాబేళ్ళు కొట్టుకొస్తాయి, వలల్లో ఇరుక్కుని ఊపిరాడక పోయినవే ఎక్కువ. కొన్నిటికి తల మీద పడవ ఫ్యాను కొట్టిన గాటు ఉంటాది. ఒకదానికి మాత్రం పాత గాటు, నుదురు మీద ఎముక లోపలికి నొక్కుకుపోయి పైన మళ్ళీ నున్నగా కూడుకుపోయింది, అంటే దెబ్బ తగిలాక అది చాన్నాళ్ళు బతికింది అన్నమాట. దాన్ని చూసి మా నాన్న ఎంతసేపు అక్కడే నిలబడిపోయాడో. మీ తాబేలు తల మీద అలాంటిదేమైనా ఉందేమో చూడండక్కా, జబ్బు కాదు గానీ అది కూడా రాసుకోదగ్గదే కదా.

రిటైర్డ్_మేష్టారు:

అమ్మాయీ, ముప్పై ఏళ్ళు మ్యూజియం స్పెసిమెన్ల మధ్య బతికినవాణ్ణి, పైన అందరూ మంచి మాటలు చెప్పారు, కానీ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ పూడుకుపోయిన గుంటలు ఎముకేనా, ప్లాస్టరా? మా రోజుల్లో పుర్రెలు తయారుచేసే అటెండర్లు పళ్ళు ఊడిపోకుండా గుంటల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కూరేవారు, విరిగిన చోట అతికి పైన టీ డికాషన్ రాసి రంగు కలిపేవారు, చెయ్యి తిరిగిన మనిషి చేస్తే ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరూ కనిపెట్టలేరు. ఒక్కోసారి ఊడిన పళ్ళని ఏ గుంటలో పడితే ఆ గుంటలో అంటించేవారు కూడా. పది రెట్లు పెద్దగా చూపించే లెన్స్ తీసుకో. ఎముకలో నాళాల సూక్ష్మ రంధ్రాలుంటాయి, పోగులా గీతలుంటాయి. ప్లాస్టర్‌లో అవేవీ ఉండవు, పిండిలా ఒకే తీరుగా ఉంటుంది, అక్కడక్కడ గాలిబుడగ గుండ్రంగా కనిపిస్తుంది.

రెండో సంగతి, ఎముకని శుభ్రం చేసిన పద్ధతి. నీళ్ళలో నెమ్మదిగా కుళ్ళబెట్టడం, లేదా చర్మం తినే పురుగులకి వదిలెయ్యడం మంచి పద్ధతులు. తొందర ఉన్నవాళ్ళు కాస్టిక్ సోడాలో ఉడకేసేవారు, బ్లీచింగ్ పౌడర్ వేసేవారు. దాంతో ఎముక పైపొర కరిగి సుద్దలా, బెజ్జాలు బెజ్జాలుగా అవుతుంది. దాన్ని చూసి ఎముక గుల్లబారిన జబ్బు అని రాసిన రికార్డులు నేను దిద్దాను. తేడా ఎలా తెలుస్తుందంటే, రసాయనం తిన్న ఎముక అంతటా ఒకేలా ఉంటుంది, జబ్బు తిన్నది ఒకచోట మొదలై పక్కకి తగ్గుతూ పోతుంది. ఎలుక కొరికిన చోట పళ్ళ గాట్లు జంటగా సమాంతరంగా ఉంటాయి. చచ్చాక విరిగిన అంచు పదునుగా, లోపల రంగు తెల్లగా ఉంటుంది. బతికుండగా మానిన అంచు గుండ్రబడుతుంది. నువ్వు నున్నటి అంచు అన్నావు, అది నీ వైపు బలమైన సాక్ష్యం, కానీ అటెండరు ఉప్పుకాగితం పెట్టి రుద్దినా నున్నగానే ఉంటుంది కాబట్టి లెన్స్‌తో మళ్ళీ చూడు.

చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకమ్మా. పాత రోజుల్లో పురుగు పట్టకుండా ఆర్సెనిక్ రాసేవారు, పాదరసం ఉప్పు వాడేవారు, రెండూ విషమే. చూసిన చేత్తో కాఫీ తాగొద్దు. మన సముద్రపు గాలికి తేమ ఎక్కువ, బీరువాలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి నెలకోసారి మార్చు, లేకపోతే వచ్చే వానాకాలానికి బూజు వచ్చి అది కూడా జబ్బు లిస్టులోకి చేరుతుంది.

శిలాజాల_వెంట:

పళ్ళ గుంటలు పూడిపోవడం, కింద ఖాళీ అనగానే నాకు లాబిడోసారస్ గుర్తొచ్చింది. అమెరికాలో టెక్సాస్‌లో దొరికిన సరీసృపం, 27.5 కోట్ల సంవత్సరాల కిందటిది, అంటే డైనోసార్ల కంటే చాలా ముందు. టొరంటో యూనివర్సిటీ రాబర్ట్ రైజ్ బృందం 2011లో దాని దవడని సీటీ స్కాన్ చేసి లోపల ఇన్ఫెక్షన్ తిన్న ఖాళీని చూపించారు. కథ ఏంటంటే పళ్ళు విరిగాయి, ఆ గుంటల మీద ఎముక పెరిగి మూతపడింది, బ్యాక్టీరియా లోపల చిక్కుకుపోయి దవడ తినుకుంటూ పోయింది. వాళ్ళు చెప్పిన కారణం నాకు బాగా నచ్చింది. పాత సరీసృపాలకి పళ్ళు ఊడుతూ మళ్ళీ వస్తూ ఉండేవి, ఈ జంతువు పళ్ళు దవడకి గట్టిగా అతుక్కుని సరిగ్గా మారేవి కావు. పన్ను మారుతుంటే చెడింది దానంతటదే ఊడిపోతుంది, మారకపోతే చెడు లోపలే ఉంటుంది.

ఇక్కడే నాకు నీ మొసలి మీద ఒక ప్రశ్న. మొసలికి జీవితాంతం పళ్ళు మారుతూనే ఉంటాయి, పాత పన్ను బోలులోనే కొత్తది తయారవుతుంటుంది. మరి దానికి ఇంత లోతు ఇన్ఫెక్షన్ ఎందుకు పట్టినట్టు? నా ఊహ, దెబ్బ తగిలి పన్ను పుట్టించే కణజాలమే పోయుంటుంది. ఇంకో మొసలి కరిచిందేమో. తొండల్లో ఈ గొడవ మామూలుగానే ఎక్కువ, వాటికి ముందు ఒకటి రెండు తప్ప మిగతా పళ్ళు దవడ అంచు మీదే అతుక్కుని ఉంటాయి, ఊడితే మళ్ళీ రావు. బియర్డెడ్ డ్రాగన్లు అని పెంచుకునే బల్లులు ఆ కుటుంబమే, చిగుళ్ళ జబ్బు ఎముక దాకా పాకుతుంది వాటికి.

కన్నం చూడగానే పేరు పెట్టెయ్యకు అని చెప్పడానికి ఇంకో ఉదాహరణ. సూ అని పేరు పెట్టిన టైరనోసారస్ డైనోసార్, 1990లో సౌత్ డకోటాలో దొరికింది, చికాగో ఫీల్డ్ మ్యూజియంలో ఉంది. దాని కింద దవడలో నున్నటి అంచులతో గుండ్రటి కన్నాలున్నాయి. కాట్లు అన్నారు, బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ అన్నారు, 2009లో వచ్చిన పేపర్లో పావురాలకి, డేగలకి గొంతులో వచ్చే ట్రైకోమోనాస్ లాంటి పరాన్నజీవి అన్నారు. అది కూడా అందరూ ఒప్పుకోలేదు. అంత పేరున్న పుర్రె, ఎంతమంది చూశారు, ఇంకా తేలలేదు.

సాగర_జువాలజీ:

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. మూడు వారాలు పట్టింది, ఇప్పుడు చెప్తాను. నోరు మూసి చూశాను సార్, ముందు పళ్ళు సరిగ్గా ఆ చిల్లుల్లోంచి పైకొచ్చాయి, మా ల్యాబ్‌లో అందరం ఒకేసారి అరిచాం. ఫారెస్ట్ ఆఫీసుకి లెటర్ పెట్టి, అనుమతి వచ్చాక కింద దవడ ఒక్కటే డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్ళాం, మేడమ్ లంచ్ మానుకుని మరీ తీశారు.

మేష్టారూ, మీరన్నది నిజం. 8వ గుంటలో ఉన్నది ప్లాస్టర్. లెన్స్‌లో గాలిబుడగ కనపడింది, ఎక్స్‌రేలో కూడా ఏ గీతా లేకుండా ఒకే మచ్చలా వచ్చింది. 10వ దాంట్లో లోతుగా కొత్త పన్ను మొలక ఉంది, అంటే అది బాగానే ఉంది, పన్ను మారే టైమ్‌లో మొసలి చనిపోయింది అంతే. నేను మూడు గుంటలు పూడిపోయాయి అని రాసుకున్నాను, చివరికి నిజంగా పూడింది 9వది ఒక్కటే. దాని మీద నిజమైన ఎముక మూతలా ఉంది, మొలక లేదు, కింద ఉసిరికాయంత ఖాళీ, దాని చుట్టూ తెల్లటి గట్టి అంచు, ఆ ఖాళీ బయటి కన్నంలోకి తెరుచుకుంటోంది. కుడి పక్క అదే చోట ఏమీ లేదు. కన్నం అంచు లోపలి వైపు కూడా గుండ్రబడే ఉంది, ఉప్పుకాగితం లోపలికి వెళ్ళదు కదా.

తాబేలు తల మీద పాత గాటు లేదు తమ్ముడూ, చూశాను. ఇప్పుడు దీన్ని ఆస్టియోమైలైటిస్, అంటే ఎముక లోపలి ఇన్ఫెక్షన్, అని రాసెయ్యొచ్చా?

పశువైద్యం_గాజువాక:

చాలా బాగా చేశావమ్మా. రాయడం మాత్రం రెండు భాగాలుగా రాయి. మొదట కంటికి కనపడింది, కొలిచింది మాత్రమే, ఎక్కడ, ఎంత, అంచు ఎలా ఉంది, కుడి పక్క ఎలా ఉంది. అందులో జబ్బు పేరు రానివ్వకు. ఆ తర్వాత విడిగా, దీర్ఘకాలం ఉన్న ఇన్ఫెక్షన్ అయ్యే అవకాశం ఎక్కువ అని, ఎందుకో కారణాలతో రాయి. నెమ్మదిగా పెరిగే మామూలు గడ్డ కూడా ఇలా గోడ కట్టించగలదు కాబట్టి ఆ మాట కూడా పెట్టు. పదేళ్ళ తర్వాత ఇంకొకరు వచ్చి పేరు మార్చినా నీ కొలతలు అలాగే పనికొస్తాయి.

ఇంకోటి, మనుషుల పుస్తకాల్లో చచ్చిన ఎముక ముక్క లోపల విడిగా, చుట్టూ కొత్త ఎముక గూడు అని బొమ్మలుంటాయి, అది లేదని కంగారుపడకు. సరీసృపాల్లో చీము నీళ్ళలా కారదు, జున్నులా గడ్డకట్టి ఉండిపోతుంది, ఎముక స్పందన కూడా నెమ్మది, ఆ బొమ్మలో ఉన్నట్టు స్పష్టంగా చాలాసార్లు కనిపించదు. నీ ఖాళీలో బతికున్నప్పుడు ఆ జున్నులాంటి గడ్డే ఉండుంటుంది. దాంతోనే అది వేటాడింది, తింది, పక్క గుంటలో కొత్త పన్ను కూడా పుట్టించుకుంది.

రిటైర్డ్_మేష్టారు:

8వ గుంటలో ప్లాస్టర్ మాత్రం తియ్యకమ్మా ఇప్పుడే. దాని కింద అసలు గుంట ఎలా ఉందో తెలిస్తే జబ్బు 9 దగ్గరే ఆగిందా, 8కి కూడా పాకిందా అన్నది తేలుతుంది, కానీ గోకితే ఎముక కూడా ఊడొస్తుంది. దూది తడిపి కొంచెం కొంచెంగా మెత్తబరచాలి, ఒక పూట పని. గురువారం పొద్దున్నే వస్తాను, బీరువా తాళం తీసుంచు, తడిపే ముందు నాలుగు పక్కల నుంచీ స్కేలు పెట్టి ఫోటోలు తీసి ఉంచు.